కుదురుకు అందని జింకు

2024 డిసెంబరు చివర్లో మహారాష్ట్రలోని బుల్ధానా జిల్లా, షేగావ్ చుట్టుపక్కల పల్లెల్లో జనానికి ఉన్నట్టుండి జుట్టు ఊడటం మొదలైంది. తలలో చెయ్యి పెడితే కుచ్చులు కుచ్చులుగా చేతికొచ్చేది. కొద్ది రోజుల్లోనే తల నున్నబడినవాళ్లున్నారు. ముందు నీళ్లనూ, షాంపూనూ అనుమానించారు. తేలుకాటు వైద్యంతో పేరుపడ్డ డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ మాత్రం గోధుమల్ని అనుమానించారు. ఆయన చేయించిన పరీక్షల్లో వాళ్లు తింటున్న రేషన్ గోధుమల్లో సెలీనియం విపరీతంగానూ, బాధితుల రక్తంలో జింకు తక్కువగానూ కనిపించాయి.

సెలీనియం విషమేమీ కాదు, ఒంటికి కావలసిన పోషకమే. కాకపోతే మైక్రోగ్రాముల లెక్కన. మోతాదు మించితే జుట్టును అదే ఊడగొడుతుంది. విటమిన్ ఎ కూడా అంతే. జుట్టు రాలుతోందనగానే ఏం తక్కువైందనే అడుగుతాం. ఏం ఎక్కువైందని మందుల షాపు దగ్గర ఎవరూ అడగరు.

ఇక జింకు. మనిషి ఒంట్లో మొత్తం కలిపి ఉండేది రెండు మూడు గ్రాములే. ఇనుముకైతే కాలేయంలో గాదె ఉంది, జింకుకు అలాంటిది లేదు. ఏ రోజుది ఆ రోజు తిండిలోంచి రావాల్సిందే. వెంట్రుక కుదురు అడుగున ఉండే కణాలేమో ఒంట్లోకెల్లా వేగంగా విభజన చెందే వాటిలో ఉన్నాయి. విభజన జరిగిన ప్రతిసారీ డీఎన్ఏకు నకలు తీయాలి. ఆ పని చేసే ఎంజైముల్లో చాలావాటికి జింకు లేనిదే చెయ్యాడదు. పేగులు జింకును పీల్చుకోలేని జన్యులోపంతో పుట్టిన పసివాళ్లను చూస్తే ఇది తెలుస్తుంది: నోటి చుట్టూ పుండ్లు, ఆగని విరేచనాలు, బోడితల. ఈ జబ్బుకు మూలం జింకు లోపమేనని 1973లో లండన్‌లో చర్మవైద్యుడు ఎడ్మండ్ మోయ్నహాన్ బయటపెట్టారు. జింకు ఇస్తే పుండ్లు మాని, జుట్టు తిరిగొస్తుంది.

మన సంగతి ఇంత తీవ్రం కాదు గానీ, చిక్కు మన కంచంలోనూ ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మగవాళ్లకు రోజుకు 17, ఆడవాళ్లకు 13 మిల్లీగ్రాముల జింకు కావాలి. గింజల్లో, పప్పుల్లో జింకు ఉన్నా, వాటిలోనే ఉండే ఫైటేటు దాన్ని పట్టి ఉంచి పేగులకు అందనివ్వదు. బీహార్‌లో పుట్టిన వైద్యుడు ఆనంద ప్రసాద్ 1958లో ఇరాన్ వెళ్లి, అచ్చంగా రొట్టెలే తిని ఎదుగుదల ఆగిపోయిన కుర్రవాళ్లను చూశారు. మనుషుల్లోనూ జింకు లోపం ఉంటుందని లోకానికి తెలిసింది ఆ దారిలోనే. గింజలు నానబెట్టినా, మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా ఫైటేటు తగ్గుతుంది. మాంసం, గుడ్లు తినేవాళ్లకు ఈ బెడద తక్కువ.

జుట్టు ఊడే ఆడవాళ్లలో అయితే జింకు కన్నా ముందు చూడాల్సింది ఇనుము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే రక్తపరీక్షలో, ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ ఎంతుందో చూడమంటారు. ఇంకో సంగతి, జ్వరం, కాన్పు తర్వాత జుట్టు ఊడేది రెండు మూడు నెలలకు. దువ్వెన చూసి నిన్న మార్చిన నూనెను తిట్టుకుంటాం, అసలు కారణం పోయిన పండగకు ముందొచ్చిన డెంగీ అయ్యుండొచ్చు. తండ్రి నుంచో మేనమామల వైపు నుంచో వచ్చిన బట్టతలను మాత్రం జింకు కదపలేదు. అది హార్మోన్ల వ్యవహారం.

లోపం ఉన్నవాళ్లకు జింకు మాత్ర పనిచేస్తుంది. లేనివాళ్లు నెలల తరబడి ఎక్కువ మోతాదులో మింగితే ఒంట్లో రాగి తగ్గి, కొత్తగా రక్తహీనత వస్తుంది. జుట్టు మాత్రల డబ్బాల మీద పెద్దక్షరాల్లో కనిపించే బయోటిన్ విషయానికొస్తే, దాని లోపం నిజంగా ఉండేవాళ్లు బహు తక్కువ. పైగా అది థైరాయిడ్ పరీక్షనూ, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షనూ తప్పుదారి పట్టించగలదు. రక్తం ఇచ్చే ముందు, జుట్టు కోసం వేసుకుంటున్న మాత్ర సంగతి డాక్టరుకు చెప్పాలి.