చిన్న జట్టు – పెద్ద పాఠం

ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ క్రీడలో బంతిని తన్నే పని లేదు. క్రింది శ్రేణి క్లబ్బు పగ్గాలు చేపట్టి, పరిమితమైన నిధులతో ఆటగాళ్లను ఎన్నుకొని, వ్యూహం పన్ని, ఫలితం కోసం ఓపికతో వేచి ఉండాలి. 1992లో ఇంగ్లండులో కోలియర్ సోదరులు రూపొందించిన ఛాంపియన్‌షిప్ మేనేజర్ దీనికి పూర్వరూపం.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మన పిల్లలు ఈ ఆటలో మునిగి ఉంటే, కాలం వృథా అని విసుగుకొనే ముందు వారికొక చరిత్ర చెప్పవలసి ఉన్నది. 1958లో పి.కె. బెనర్జీ ఆడిన ఈస్టర్న్ రైల్వే జట్టు, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్లను వెనుకకు నెట్టి కలకత్తా లీగును గెలుచుకొన్నది. ఆ మూడింటికి వెలుపలి జట్టు మరల గెలిచేసరికి 61 ఏండ్లు గడిచాయి.

1962 జకార్తా ఆసియా క్రీడలలో, హైదరాబాదుకు చెందిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం, తలకు కుట్లు పడిన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగును ముందు వరుసలో నిలిపారు. ఫైనల్లో బెనర్జీ, జర్నైల్ చెరొక గోలు చేయగా, దక్షిణ కొరియాపై భారత్ 2-1తో గెలిచింది.

తెరపై ఓడినవారు ఆటను మరల మొదలుపెట్టవచ్చు. రహీముకు ఆ వీలు లేదు. 1963లో క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు. ఉన్నవారితోనే నిర్ణయం తీసుకొని, దాని ఫలితానికి తానే బాధ్యత వహించడం నాయకత్వం. మన కార్యక్షేత్రంలోనూ అంతే కదా!