ఆంగ్ల వీధిభాష, సంక్షిప్త సంకేతములు: బతు బస్తీ తెలుగు విద్యార్థి అభ్యసింపవలసిన రీతి

భాషయందలి ప్రతి రూపమునకును తన చోటు తనకు కలదు. సభలో శోభించు మాట సంతలో నవ్వులపాలగును. సంతలో చెల్లు మాట అర్జీలో అపరాధమగును. ఈ వివేకము మాతృభాషయందు ప్రయత్నము లేకయే అలవడును. పరభాషయందు మాత్రము దానిని ప్రత్యేకముగా అభ్యసింపవలసియుండును. నేడు చేతిఫోనుల ద్వారా వ్యాపించుచున్న ఆంగ్ల వీధిపదములను, సంక్షిప్త సంకేతములను గూర్చి ఈ విషయమే విచారింపదగియున్నది.

ఈ విచారణకు బతు బస్తీ తగిన క్షేత్రము. ఇది దక్షిణ అండమానునందు, 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మార్పబడిన పోర్టుబ్లెయిరు నగరము చెంతనున్నది. 2011 జనగణనను బట్టి అండమాన్ నికోబార్ దీవుల జనసంఖ్య సుమారు 3,80,000. అందు తెలుగు మాతృభాషగా గలవారు నూటికి పదుమువ్వురు. వీరిలో పెక్కురి పూర్వులు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చినవారు. ఇంట తెలుగు, అంగడిలో అండమాను హిందుస్తానీ, తరగతిలోను కచేరీలోను ఆంగ్లము: ఇట్లు చోటునుబట్టి భాష మార్చుట ఈ దీవులవారికి క్రొత్తది కాదు. 1858లో ఆంగ్లప్రభుత్వము ఇచట నెలకొల్పిన బందీల వలసలో నానాభాషలవారు కలిసి బ్రతుకవలసివచ్చినందువలననే ఆ హిందుస్తానీ పుట్టినది. చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడినదియు ఆ సంవత్సరమే. ఒకచోట భాషకు మేర గీయబడుచుండగా వేరొకచోట మేరలు చెరిగి క్రొత్తభాష యేర్పడుచుండెను.

2020 ఆగస్టు వరకు ఈ దీవుల అంతర్జాలము ముఖ్యముగా ఉపగ్రహములపై ఆధారపడియుండెను. ఆ నెల 10వ తేదీన చెన్నైనుండి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ తంత్రి ప్రారంభింపబడినది. దానితో లోకమందలి యువజనుల ఆంగ్లము, పాఠ్యపుస్తకమునకు ఎక్కని ఆంగ్లము, నేరుగా ఇంటిలోనికి వచ్చినది. దాని నెరుగని విద్యార్థి తోటివారి సంభాషణలో వెలివేయబడిన వాడగుచున్నాడు. దానినే యెరిగినవాడు ఉద్యోగమునకు వ్రాయు అర్జీలో దానినే వాడి చెడుచున్నాడు. ఈ రెండు నష్టములును నిజమైనవే. కావున ఈ భాషను నిషేధించుటయు, విచక్షణ లేక అనుకరించుటయు సరిగాదు. దాని స్వరూపమును తెలిసికొనుటయే మార్గము.

మొదట సంక్షిప్త సంకేతములు. ఇవి నేటివని తలచుట పొరపాటు. ఓ.కె. అనునది 1839 మార్చి 23న బోస్టను నగర పత్రికలో అచ్చయినది. అంతయు సరియే యను అర్థముగల ఆంగ్లపదములను పరిహాసముగా తప్పుడు వర్ణక్రమమున వ్రాసి, వాని మొదటి అక్షరములను గ్రహించుటవలన అది పుట్టినదని 1960 దశకమున ఎలెన్ వాకర్ రీడ్ నిరూపించెను. ఆశ్చర్యమును తెలుపు ఓ.ఎం.జి. 1917లో నౌకాధిపతి ఫిషర్ చర్చిలునకు వ్రాసిన లేఖలోనే కలదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దీనిని, నవ్వును తెలుపు ఎల్.ఓ.ఎల్.ను 2011లో గ్రహించినది.

తెలుగువారికిని ఈ పద్ధతి పరిచితమే. శుభలేఖలలో చి.ల.సౌ., పూర్వపు జాబులలో మ.రా.రా.శ్రీ., ప్రబంధములలో పద్యమునకు ముందుండు ఉ., చ., శా., మ., సీ., తే. అనునవి సంక్షేపములే. అచ్చు, హల్లు అను పేళ్లు పాణిని ప్రత్యాహారములనుండి వచ్చినవి. తంతి పంపువారు మాటకింత యని రుసుము చెల్లింపవలసియుండుటచే మాటలు తగ్గించుటయు, శుభాకాంక్షలకు అంకెలే సంకేతములుగా వాడుటయు భారతదేశమున 2013 జులైలో తంతిసేవ ముగియువరకు సాగినవి. కాగా సంక్షేపము అజ్ఞానమువలన పుట్టునది కాదు; తావు, వెల, కాలము అను మూడింటి ఒత్తిడివలన పుట్టునది.

ఫోను సందేశమున ఆ ఒత్తిడిని లెక్కకట్టి చూపవచ్చును. సందేశమునకు కేటాయింపబడిన తావు 1,120 బిట్లు. రోమను అక్షరమునకు 7 బిట్లు చాలును గనుక 160 అక్షరములు పట్టును. తెలుగు మున్నగు లిపులకు ఒక్కొక్క సంకేతమునకు 16 బిట్లు కావలెను గనుక 70 మాత్రమే పట్టును. అంతేకాదు, తెలుగున గుణింతపు గుర్తులు, పొల్లులు వేరువేరుగా లెక్కకు వచ్చును. ‘నమస్కారము’ అనుదానికి అక్షరములు అయిదయినను సంకేతములు తొమ్మిది. ‘స్త్రీ’ ఒక్క అక్షరమే, సంకేతములు ఆరు. ఆంగ్లమునకు ఇరుకైన ఆ గది తెలుగునకు మరింత ఇరుకయ్యెను. తెలుగును రోమను లిపిలో వ్రాయు అలవాటునకు గల కారణములలో ఇది యొకటి. నేటి ఫోనులలో ఆ నిర్బంధము తొలగినను అలవాటు నిలిచియున్నది. దానివలని నష్టము స్పష్టము: ‘పాడు’, ‘పాదు’ అనునవి ఒకే తీరున వ్రాయబడుచున్నవి, ‘కల’, ‘కళ’ అనువాని భేదము మాసిపోవుచున్నది.

ఆంగ్ల సంకేతములు రచననుబట్టి మూడు విధములు. పదముల మొదటి అక్షరములను కూర్చునవి మొదటి తెగ: వెంటనే తిరిగి వత్తునను బి.ఆర్.బి., ప్రసంగవశమున అను బి.టి.డబ్ల్యు. వంటివి. అచ్చులను విడిచి హల్లులను మాత్రము నిలుపునవి రెండవ తెగ: ప్లీజ్, మెసేజ్ అను పదములను మూడేసి హల్లులతో వ్రాయుట. ఉచ్చారణసామ్యముచే అంకెను గాని ఒంటి అక్షరమును గాని వాడునవి మూడవ తెగ: గ్రేట్ అను పదము చివర 8 అంకెను, ‘యు’ అను సర్వనామమునకు ఒక్క అక్షరమును వ్రాయుట. ఈ విభాగమును గ్రహించిన విద్యార్థి క్రొత్త సంకేతము ఎదురైనపుడు దాని నిర్మాణమునుబట్టి అర్థమును ఊహింపగలడు.

ఊహ తప్పుటయు కలదు. అది పరభాషీయులకే కలుగు లోపము కాదు. బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ ఎల్.ఓ.ఎల్. అనగా అమితమైన ప్రేమ యని తలచి తన సందేశముల చివర చేర్చెడివాడని, దానికి నవ్వు అను అర్థము కలదని తెలిసిన పిమ్మట మానెనని 2012 మేలో లెవిసన్ విచారణసంఘము ఎదుట రెబెకా బ్రూక్స్ సాక్ష్యమిచ్చెను. ఆంగ్లము మాతృభాషగా గలవానికే తప్పిన అర్థమును బతు బస్తీ బాలుడు అడిగి తెలిసికొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఇక వీధిపదములు. వీనియందు రూపము కన్న అర్థము చంచలము. రోగమును తెలుపు ‘సిక్’ అనునది మెచ్చుకోలగుచున్నది. చల్లదనమును తెలుపు ‘కూల్’ అంగీకారమగుచున్నది. జవాబీయక మౌనముగా మాయమగుట ‘ఘోస్టింగ్’. చూచువారికే తల వంచుకొనవలె ననిపించు చేష్ట ‘క్రింజ్’. అబద్ధము కాదనుట ‘నో క్యాప్’. ఇట్టి వానిలో పెక్కు అమెరికాయందలి నల్లజాతివారి వాడుకనుండి వచ్చినవి. కావున వీనిని హీనమని త్రోసివేయుట శాస్త్రదృష్టి కాజాలదు. అయినను వీని ఆయువు తక్కువ. నిరుడు మెరసిన మాట నేడు వెలవెలబోవును. కనుక విద్యార్థి వీనిని మొదట గ్రహించుటకు నేర్వవలెను, ప్రయోగించుటకు త్వరపడరాదు.

తెలుగువానికి మరియొక చిక్కు కలదు. ఆంగ్లపదములను గైకొని తెలుగు తానే వీధిపలుకుబడులను సృష్టించుకొన్నది. ‘లైట్ తీసుకో’, ‘అంత సీను లేదు’, ‘బిల్డప్ ఇచ్చు’, ‘స్కెచ్ వేయు’ అనునవి ఇట్టివి. పదములు ఆంగ్లమువే యైనను అర్థము తెలుగుది. వీనిని తిరిగి ఆంగ్లమున పెట్టిన వినువారికి బోధపడదు. చిన్నయసూరి తత్సమము, తద్భవము, దేశ్యము, గ్రామ్యము అని పదములను విభజించెను. ఈ పలుకుబడులలో పదము అన్యదేశ్యము, అర్థము దేశ్యము, వాడుక గ్రామ్యము. ఇవి ఆ విభాగములలో ఏ ఒక్కదానియందును పూర్తిగా ఇమడవు.

అన్నిటికంటె ముఖ్యమైనది మర్యాద. ఆంగ్లపు ‘యు’ అనుదానికి నీవు, మీరు అను భేదము లేదు. ‘బ్రో’ అనుదానియందు అన్న, తమ్ముడు అను తారతమ్యము లేదు. తరగతిలోని మిత్రునికి ‘కె’ అను ఒక్క అక్షరము జవాబు చాలును. మేనమామకో ఉపాధ్యాయునికో అదే పంపిన పెడసరమగును. శీఘ్రముగా అను అర్థముగల ఏ.ఎస్.ఏ.పి. కచేరీలలో వాడుకలో నున్నదే. క్రిందివాడు పైవానికి వ్రాసిన ఆజ్ఞవలె తోచును. తెలుగు నుడికారము దీనికి ఒక విరుగుడు కనిపెట్టినది: ‘ఓకే అండి’, ‘థాంక్సండి’, ‘సారీ అండి’. పరభాషాపదమునకు ‘అండి’ చేర్చుటచే పోయిన గౌరవము తిరిగి వచ్చినది. ఇది వ్యాకరణము తెలిసి చేసిన పని కాదు. భాష తన ధర్మమును తానే కాపాడుకొనుట.

ఈ వాడుకవలన వర్ణక్రమము చెడునను భయమును పరిశోధనలు బలపరచలేదు. సందేశములలో సంకేతములు నూటికి పది మాటల పాటివేయని డేవిడ్ క్రిస్టల్ 2008లో వ్రాసెను. ప్లెస్టర్, వుడ్, జోషీ అనువారు 2009లో బ్రిటన్ బాలురను, బాలికలను పరీక్షించి, సంకేతములు మిక్కిలిగా వాడువారికి పదపఠనమున సామర్థ్యమును మిక్కుటముగనే యున్నదని తెలిపిరి. హల్లులను నిలిపి అచ్చులను విడుచుటకైనను ధ్వనిజ్ఞానము అవసరమే గదా. కాని ఆ పిల్లలకు ఆంగ్లము ఇంటిభాష. ద్వీపములందలి తెలుగు పిల్లలకు అది బడిభాష. ఆ ఫలితమును ఇచ్చటికి అట్లే అన్వయింపరాదు. పూర్ణరూపము నేర్వకమున్నే సంక్షేపమును నేర్చినవానికి విప్పుటకు మూట ఉండదు.

కావున ఉపాధ్యాయుడు చేయదగినది ఇది. ఒక్కొక్క మాటకు నాలుగు ప్రశ్నలు వేయింపవలెను: దీని పూర్ణరూపమేమి? ఎవరు ఎవరితో అందురు? ఎచట అనరాదు? ఇదే భావము తెలుగున మర్యాదగా ఎట్లు చెప్పబడును? ఈ జవాబులను విద్యార్థులచేతనే ఒక పుస్తకమున వ్రాయించినచో అది పాఠమగును, క్షేత్రసేకరణయు నగును. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలిసంపుటము సేద్యగాండ్ర నోటి మాటలకు శాస్త్రగౌరవము కల్పించినది. ద్వీపములందలి తెలుగు యువజనుల ఫోనులలో హిందుస్తానీ, ఆంగ్లము, ఉత్తరాంధ్ర తెలుగు కలిసి పుట్టుచున్న పలుకుబడులు నేడు సేకరింపనిచో రేపు దొరకవు. ఏ మాట యెచట చెల్లునో తెలిసినవానికి వీధిభాషయు విద్యయే. తెలియనివానికి గ్రంథభాషయు బరువే.