రెండు తీరుల ప్రాసెసర్లు

హైదరాబాదు నగరములో జూబిలీ హిల్సు రాతిగుట్టల నడుమ ఫిల్మ్ నగర్ అను పేట కలదు. ఒకప్పుడు తెలుగు చలనచిత్రములు చాలవరకు మదరాసు నగరమున తయారగుచుండెడివి. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు ఈ కొండల ప్రాంతమున అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. రామానాయుడు స్టూడియో ఫిల్మ్ నగర్‌లోనే వెలసినది. క్రమముగా నటులు, దర్శకులు, సాంకేతిక నిపుణులు ఈ గుట్టలమీదికి తరలివచ్చిరి. ఇచ్చటి వీథులలో నడుచువానికి కెమేరాలు, దీపములు కనబడిన కనబడవచ్చును. కాని నేటి చిత్రములకు వలసిన పనిలో ఒక పెద్ద భాగము కంటికి కానరాని చోట, చల్లని గదులలో, కంప్యూటర్ల లోపల జరుగుచున్నది.

1957లో విడుదలయిన ‘మాయాబజార్’ చిత్రములోని వింతలను మార్కస్ బార్ట్లీ అను ఛాయాగ్రాహకుడు తన కెమేరా నేర్పుతోనే సాధించెను. నలుపు తెలుపులలో నున్న ఆ చిత్రమునకే 2010లో హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థవారు కంప్యూటర్ల సాయమున రంగులు వేసిరి. 2012లో వచ్చిన ‘ఈగ’ చిత్రమునకు ఒక ఈగయే కథానాయకుడు. ఆ ఈగకు రూపు కల్పించిన మకుట సంస్థ హైదరాబాదు నగరమునకు చెందినదే. ఆ పనికి జాతీయ చలనచిత్ర పురస్కారము లభించినది. ఒకనాడు కెమేరాలో పుట్టిన మాయ ఇప్పుడు ప్రాసెసరులో పుట్టుచున్నది.

ప్రాసెసరు అనగా కంప్యూటరులో లెక్కలు చేయు భాగము. చూపునకది అరచేతిలో ఇముడు చదరపు బిళ్ల. చలనచిత్రపు తెరమీద ఒక్క సెకనులో 24 బొమ్మలు గడచిపోవును, వీనిని ఫ్రేములందురు. మూడు గంటల చిత్రములో 2,59,200 ఫ్రేములుండును. వీనిలో కంప్యూటరు సృష్టించవలసిన ప్రతి ఫ్రేమునందును వెలుగు ఎటనుండి పడినది, నీడ ఎటు సాగినది, నీటిలో ఆకాశము ఎట్లు ప్రతిఫలించినది అను సంగతులన్నియు లెక్కవేసి తేల్చవలెను. ఈ తుదిలెక్కకు రెండరింగు అని పేరు. ఒక్కొక్క ఫ్రేమునకు నిమిషములు పట్టవచ్చును, గంటలును పట్టవచ్చును. చిత్రము విడుదలకావలసిన తేదీ గోడలకంటిన కాగితములమీద ముందుగానే అచ్చుపడియుండును. లెక్క పూర్తికాలేదని ఆ తేదీ ఆగదు.

ఇట్టి పనికి పూనుకొనువానికి మొదటనే ఒక చిక్కు ఎదురగును. బజారులో ప్రాసెసర్లు రెండు తీరులుగా దొరకును. ఒకటి బల్లమీది కంప్యూటరులో నుండునది. దానిని డెస్క్‌టాపు ప్రాసెసరందురు. రెండవది ఇనుప చట్రములలో వరుసగా పేర్చి, రేయింబవళ్లు పనిచేయించు సర్వరులలో నుండునది. సర్వరు ప్రాసెసరు ధర అనేక రెట్లు ఎక్కువ. కావున అది అన్ని పనులకును మేలైనదని పలువురు తలంతురు. ఆ తలంపు సగము మాత్రమే నిజము.

ఎ.ఎం.డి. సంస్థవారు 2022లో విడుదల చేసిన రెండు ప్రాసెసర్లను చూడుడు. రైజెన్ 9 7950ఎక్స్ అనునది బల్లమీది యంత్రమునకు చెందినది. ఎపిక్ 9654 అనునది సర్వరునకు చెందినది. లెక్కచేయు అంగమునకు కోరు అని పేరు. మొదటిదానిలో 16 కోర్లు, రెండవదానిలో 96 కోర్లు ఉన్నవి. వింత యేమన, ఈ కోర్లు రెండింటను ఒకే రూపకల్పనవి. ఎనిమిదేసి కోర్లు గల సిలికాను ముక్కలు రెండు చేర్చి మొదటిదానిని, పండ్రెండు చేర్చి రెండవదానిని తయారుచేసిరి. ఒకే బట్టీలో కాల్చిన ఇటుకలతో ఇల్లును కట్టవచ్చును, కోటను కట్టవచ్చును గదా.

ఇటుక ఒకటే యైనను నడక ఒకటి కాదు. బల్లమీది ప్రాసెసరు సెకనునకు 450 కోట్ల స్పందనలతో సాగుచు, అవసరమైనపుడు 570 కోట్ల వరకు పరుగెత్తును. సర్వరు ప్రాసెసరు మామూలుగా 240 కోట్లతో నడచి, మిక్కిలి త్వరపడినను 370 కోట్లకు మించదు. దీనికి కారణము వేడిమి. మొదటిదానికి 170 వాట్లు, రెండవదానికి 360 వాట్లు పరిమితిగా నిర్ణయించిరి. కోర్ల సంఖ్యతో భాగించి చూచినచో బల్లమీదిదానిలో ఒక్కొక్క కోరు వంతుకు పదివాట్లకు పైగా వచ్చును. సర్వరులో నాలుగు వాట్లయినను రావు. తొంబదియారు కోర్లును పూర్తివేగమున పరుగెత్తినచో ఆ వేడిని తొలగించుట దుర్లభము. కావున సర్వరులో పనివాండ్రు ఎక్కువ, ఒక్కొక్కని వేగము తక్కువ. బల్లమీదిదానిలో పనివాండ్రు తక్కువ, ఒక్కొక్కడును చురుకైనవాడు.

ఇక పని సంగతి చూడవలెను. పెండ్లివంటలో లడ్డులు చుట్టుటకు పదిమంది కూర్చున్నచో పని పదవవంతు కాలములో ముగియును. కాని పదిమంది చేరి నిలుచున్నంత మాత్రమున ఎసటిలోని అన్నము పదవవంతు కాలములో ఉడుకదు. 1967లో జీన్ అమ్డాల్ అను అమెరికా దేశపు నిపుణుడు కంప్యూటర్ల విషయమున ఈ సంగతినే లెక్కగా చెప్పెను. ఒక పనిలో పదవవంతు పంచుటకు వీలులేనిదైనచో, ఎన్ని కోర్లు చేర్చినను ఆ పని పదిరెట్లకు మించి త్వరపడదు. వేయి కోర్లు తెచ్చినను ఆ పదవవంతు దగ్గర తక్కినవన్నియు చేతులు కట్టుకొని నిలుచుండును.

చిత్రశాలలో బొమ్మను ఆడించు కళాకారుని పని చాలవరకు ఇట్టిదే. తెరమీది బొమ్మకు లోపల కనబడని యెముకల గూడు ఉండును. భుజము కదలినగాని మోచేయి ఎచట నుండునో తెలియదు. మోచేయి తెలిసినగాని మణికట్టు తెలియదు. మణికట్టు తెలిసినగాని వ్రేళ్లు తెలియవు. ఈ లెక్కలు ఒకదాని వెనుక ఒకటిగా జరుగవలసినవే. వానిలో కొంత పంచుటకు వీలున్నను తొంబదియారు కోర్లకు చాలునంత పని యుండదు. కళాకారుడు భుజమును పట్టి లాగిన తోడనే బొమ్మ కదలవలెను. ఆలస్యమైనచో అతని చేతికిని కంటికిని పొత్తు తప్పును. అట్టివాని యెదుట వేగము తక్కువైన సర్వరు ప్రాసెసరు నుంచుట ధనమును పోసి నిదానమును కొనుట యగును. వేలకొలది డాలర్ల యంత్రము బొమ్మను నత్తనడక నడిపించుచుండగా చూచినవాడు ఆశ్చర్యపడును గాని, తప్పు యంత్రమునది కాదు.

రెండరింగు సంగతి వేరు. నూరవ ఫ్రేమును లెక్కించుటకు తొంబదితొమ్మిదవ ఫ్రేముతో పనిలేదు. ఐదు సెకనుల దృశ్యములో 120 ఫ్రేములు కలవు. ఒక్కొక్కదానికి రెండు గంటలు పట్టునని తలంచినచో, ఒక్క యంత్రమునకు 240 గంటలు, అనగా పదిదినములు పట్టును. పది యంత్రములున్నచో ఒక్క దినము చాలును. ఇచ్చట కోర్లు ఎన్ని యున్నను వృథాపోవు. అట్లయిన సర్వరు ప్రాసెసరే కొనవలెనని చెప్పవచ్చునా? తొందరపడరాదు. విడుదలనాడు రైజెన్ ప్రకటిత ధర 699 డాలర్లు. ఎపిక్ ప్రకటిత ధర 11,805 డాలర్లు. ధరలో పదునారు రెట్లకు మించిన భేదము. కోర్లను వేగముతో గుణించి చూచినచో మూడు రైజెన్లు కలిసి దాదాపు ఒక ఎపిక్ చేయు పనిని చేయును. ప్రాసెసర్ల ఖరీదు మాత్రమే చూచినచో బల్లమీదివే మిక్కిలి చౌక.

అయినను పెద్ద సంస్థలు సర్వరులను కొనుచున్నవి. అందుకు ముఖ్యకారణము మెమొరీ, అనగా లెక్కలు సాగుచుండగా దత్తాంశమును నిలిపియుంచు తావు. రెండరింగు పనిని ఫ్రేములుగా పంచవచ్చును; కాని ఒక ఫ్రేము నడివీథిలో కోసి రెండు యంత్రములకు పంచుట అంత సులభము కాదు. ఆ ఫ్రేములో మహారణ్యము, దాని నడుమ వేలకొలది సైనికులు ఉన్నారనుకొనుడు. ఆ చెట్ల ఆకులు, ఆ కవచముల మెరుపులు అన్నియు ఒక్కసారిగా మెమొరీలో ఇమిడినగాని లెక్క చక్కగా సాగదు. దానికి 300 గిగాబైట్లు కావలసివచ్చిన యెడల, విడుదలనాడు 128 గిగాబైట్లకే పరిమితమైన రైజెన్ యంత్రములు మూడు కాదు, ముప్పదియున్నను ప్రయోజనము లేదు. మూడు చిన్న బిందెలు కలిసి ఒక గంగాళము కానేరవు. ఎపిక్ ప్రాసెసరు 6 టెరాబైట్ల వరకు, అనగా సుమారు 6,000 గిగాబైట్ల వరకు మెమొరీని భరించును. మెమొరీతో రాకపోకలు జరుపుటకు బల్లమీదిదానికి రెండు త్రోవలుండగా దీనికి పండ్రెండు కలవు. కావున పని ముక్కలగునా అని అడిగినంతనే చాలదు. అందులోని ఒక్క ముక్క ఎంత పెద్దదో కూడ అడుగవలెను.

నీటి సంగతి ఈ రెంటికిని నడుమ నిలుచును. 2015లో వచ్చిన ‘బాహుబలి’ మొదటి భాగములోని జలపాతమును చూచినవారు మరువలేరు. అట్టి నీటిని కంప్యూటరులో పారించునపుడు, ఒక ఫ్రేములో ప్రతి బిందువు ఎచట నున్నదో తెలిసినగాని తరువాతి ఫ్రేములో ఎచటికి పోవునో తెలియదు. కావున ఫ్రేములను యంత్రములకు పంచిపెట్టుట కుదరదు. కాని ఒక ఫ్రేము లోపలి కోట్లకొలది బిందువులను కోర్లకు కొంతవరకు పంచవచ్చును. ఇచ్చట ఎక్కువ కోర్లును, విస్తారమైన మెమొరీయును గల ఒకే యంత్రము మిక్కిలి అక్కరకు వచ్చును. ఈ పనికి సర్వరు ప్రాసెసరుగాని, బల్లమీదికే ఉద్దేశించిన థ్రెడ్‌రిప్పర్ వంటి పెద్ద ప్రాసెసరుగాని తగును.

చిన్న లెక్కలు మరికొన్ని కలవు. కొన్ని రెండరింగు సాఫ్ట్‌వేరులకు యంత్రమునకింత అని లైసెన్సు రుసుము చెల్లించవలెను. అట్టిచోట మూడు చిన్న యంత్రములకంటె ఒక పెద్ద యంత్రము లాభము. మూడు రైజెన్ల పరిమితి కలిసి 510 వాట్లు. అంత పనియే చేయు ఎపిక్‌కు 360 వాట్లు. వైశాఖమాసపు ఎండలో విద్యుత్తునకే కాక, గదిని చల్లబరచుటకును మరల విద్యుత్తు కావలెనని మరువరాదు.

మెమొరీలో దాచిన సంఖ్యలలో ఎప్పుడైనను ఒక్క అంకె తారుమారగుట కలదు. అంతరిక్షమునుండి వచ్చు కిరణముల ప్రభావము కూడ దీనికొక కారణము. సర్వరు మెమొరీలో అట్టి తప్పును కనిపెట్టి దిద్దు ఏర్పాటుండును. సంప్రదాయ పద్ధతిలో 64 అంకెలకు 8 కాపలా అంకెలు చేర్తురు. కొన్ని బల్లమీది యంత్రములందును ఇది సాధ్యమే. ఒక ఫ్రేములో ఒక చుక్క రంగు మారినచో మరల లెక్కించుకొనవచ్చును. కాని నెలల తరబడి పలువురు చేసిన పనినంతయు నిలువచేయు యంత్రములో అట్టి తప్పు దొరలినచో, అది ఎప్పుడు దొరలినదో కూడ తెలియదు. కావున నిలువ యంత్రమునకు సర్వరు ప్రాసెసరే మేలు. పలు డిస్కులను, వేగముగల తీగలను తగిలించుటకు దానికి 128 మార్గములు కలవు. బల్లమీదిదానికి 24 మాత్రమే.

ఎనిమిదిమంది కళాకారులతో జూబిలీ హిల్సులో ఎవరైన అప్పుచేసి ఒక చిన్న చిత్రశాలను తెరచినారనుకొనుడు. సొమ్మంతయు పోసి గొప్ప సర్వరులను కొన్నచో, వడ్డీ పెరుగుచుండగా కళాకారులు బల్లల యెదుట వేచియుందురు. దానికంటె ప్రతి బల్లకును ఒక వేగముగల డెస్క్‌టాపు నుంచి, నిలువకును నీటి వంటి లెక్కలకును ఒక్క సర్వరును మాత్రము కొనుట వివేకము. సాయంకాలము కళాకారులు ఇండ్లకు పోయిన పిమ్మట ఆ ఎనిమిది యంత్రములును, అనగా 128 కోర్లును, తెల్లవారువరకు రెండరింగు చేయవచ్చును. ఇట్లు రాత్రులు యంత్రములను వాడుకొనుట చిత్రశాలలలో అలవాటే. రెండరింగులో చాల భాగమును ఇప్పుడు గ్రాఫిక్సు కార్డులే చేయుచున్నవి. అట్టిచోట ప్రాసెసరు వాని కవసరమైన దత్తాంశమును వేళకు అందించినచో చాలును.

విడుదల తేదీ దగ్గరపడి, ఎనిమిది యంత్రములు చాలనిచో సర్వరులను అద్దెకు తీసికొనవచ్చును. అమెజాను సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమున తన సర్వరుల కేంద్రములను అద్దెకు తెరచినది. 2024 నుండి ఒక్క ప్రాసెసరులోనే 192 కోర్లు గల సర్వరులు కూడ బజారులోనికి వచ్చినవి. అయితే అద్దె యంత్రమునకు ముందు పనిని పంపవలెను. ఒక దృశ్యమునకు చెందిన దత్తాంశము రెండు టెరాబైట్లున్నదనుకొనుడు. సెకనునకు 100 మెగాబిట్లు పంపగల తీగమీద అది ఆ కేంద్రమునకు చేరుటకు 44 గంటలకు పైగా పట్టును. రెండు దినములలో ముగియవలసిన పనికి ఆ త్రోవ పనికిరాదు. రెండు వారములున్నచో చక్కగా పనికివచ్చును.