వైద్య జన్యుశాస్త్రంలో ఉన్నత పరిశోధన శిక్షణ

తాండూరులో గాని, వికారాబాదులో గాని సికింద్రాబాదు బండి ఎక్కిన ప్రయాణికుడు బేగంపేట స్టేషను మీదుగా పోతాడు. ఆ బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యుశాస్త్ర సంస్థ, దానితోపాటే జన్యువ్యాధుల ఆసుపత్రి ఉన్నాయి. ఆచార్య ఓ.ఎస్. రెడ్డి గారి కృషి ఫలితంగా వెలసిన ఆ సంస్థలో శాస్త్రజ్ఞుని ప్రయోగశాల, వైద్యుని పరీక్షాగది పక్కపక్కనే ఉండటం విశేషం. ఈ రెండింటి కలయిక ఎందుకు అవసరమో, అందుకు తగినవారు ఎట్లా తయారవుతారో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రక్తహీనతతో పాలిపోయిన బిడ్డను ఎత్తుకొని మన ప్రాంతం నుండి ఆ బండి ఎక్కిన తల్లిదండ్రులను ఊహించుకొందాం. వారి మనస్సులో రెండు ప్రశ్నలుంటాయి. ఈ బిడ్డకు వచ్చిన వ్యాధి ఏది? పుట్టబోయే బిడ్డకు కూడా ఇది వస్తుందా? మొదటి ప్రశ్నకు వైద్యుడు సమాధానం చెప్పగలడు. ఉబ్బిన ప్లీహాన్ని, రక్తపరీక్ష ఫలితాన్ని చూచి అది థలసీమియా అని గుర్తిస్తాడు. రెండవ ప్రశ్న ప్రయోగశాలకు చేరక తప్పదు. బీటా గ్లోబిన్ జన్యువులో మార్పు ఎక్కడ జరిగిందో తల్లిదండ్రులిద్దరిలోనూ ముందుగా కనుగొనాలి. అప్పుడే గర్భం 11వ వారానికి చేరిన పిమ్మట మావి నుండి తీసిన కణాలలో ఆ మార్పును వెదకడం సాధ్యమవుతుంది. ఇరువురూ వాహకులైనప్పుడు ప్రతి గర్భంలోను బిడ్డకు వ్యాధి సంక్రమించే అవకాశం నాలుగింట ఒక వంతు. లోపమున్న జన్యువు తండ్రి నుండి ఒకటి, తల్లి నుండి ఒకటి వస్తేనే వ్యాధి కలుగుతుంది. ఈ సత్యం తెలియకనే మన సమాజం తరతరాలుగా నిందనంతా తల్లిపై మోపింది.

ఎం.డి. పూర్తిచేసిన వైద్యునికి రోగి తెలుసు; జన్యుక్రమాన్ని చదవడం తెలియకపోవచ్చు. పిహెచ్.డి. పొందిన శాస్త్రజ్ఞునికి డి.ఎన్.ఏ. తెలుసు, రోగి ఎదుట కూర్చున్న అనుభవం ఉండదు. ఈ లోటు తీర్చేదే డాక్టరేట్ అనంతర శిక్షణ. అనుభవజ్ఞుడైన ఆచార్యుని వద్ద కొన్ని సంవత్సరాలపాటు పనిచేస్తూ వైద్యుడు ప్రయోగశాల పద్ధతులు నేర్చుకొంటాడు. కనిపించిన ప్రతి జన్యుమార్పూ హానికరం కాదని, దేనిని నమ్మాలో దేనిని విడువాలో గ్రహిస్తాడు. శాస్త్రజ్ఞుడు వంశవృక్షాన్ని గీయడం, కుటుంబ రహస్యాలను కాపాడటం, చేదునిజాన్ని మృదువుగా చెప్పడం అలవరచుకొంటాడు. వైద్యులకు ఇదిగాక, ఎం.డి. తరువాత మూడేళ్ల డి.ఎం. అనే ప్రత్యేక పట్టా కూడా ఉన్నది.

ఈ రంగంలో తెలుగువారి కృషి క్రొత్తది కాదు. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యులలో ద్రోణంరాజు కృష్ణారావు గారు ఒకరు. ఆయన పి. మీరాఖాన్ గారితో కలసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలను పరిశీలించి 1960, 1963 సంవత్సరాలలో ఫలితాలను ప్రకటించారు. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లల మధ్య జన్యువులు ఎనిమిదింట ఒక వంతు, మేనమామ మేనకోడళ్ల మధ్య నాలుగింట ఒక వంతు ఉమ్మడిగా ఉంటాయి. కాబట్టి అరుదైన లోపం రెండు వైపుల నుండి వచ్చి కలిసే అవకాశం ఇట్టి వివాహాలలో అధికం. మీరాఖాన్ గారు తదుపరి హాలెండులోని లైడెన్‌లో పనిచేస్తూ, వంశపారంపర్యంగా వచ్చే పెద్దప్రేగు కాన్సరుపై జరిగిన అంతర్జాతీయ పరిశోధనలో పాలుపంచుకొన్నారు.

శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్ కోలిన్ ప్రభావం సాధారణంగా కొద్ది నిమిషాలలో తొలగిపోతుంది. వైశ్య కుటుంబాలకు చెందిన కొందరు రోగులు మాత్రం గంటల తరబడి స్వయంగా శ్వాస తీసుకోలేకపోవడాన్ని మత్తువైద్యులు గమనించారు. ఆ మందును విచ్ఛిన్నం చేసే ఎంజైము జన్యువులో ఒక మార్పే దీనికి కారణమని 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వైద్యుడు గమనించకపోతే శాస్త్రజ్ఞునికి ప్రశ్నే లేదు. శాస్త్రజ్ఞుడు శోధించకపోతే వైద్యునికి సమాధానం లేదు. తమలో తామే వివాహమాడే 263 దక్షిణాసియా సమూహాలను పరిశీలించిన 2017 నాటి అధ్యయనం, వాటిలో 81 సమూహాలలో ఇట్టి ప్రత్యేక వ్యాధులు వెల్లడి కాగల అవకాశం హెచ్చుగా ఉన్నదని సూచించింది. చేయవలసిన పని ఎంత ఉన్నదో దీనివల్ల ఊహించవచ్చు.

ఇందుకు అవసరమైన విద్యాలయాలు మనకు దూరంగా లేవు. 1977లో ప్రారంభమైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, డి.ఎన్.ఏ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రం, నిమ్స్‌లోని వైద్య జన్యుశాస్త్ర విభాగం హైదరాబాదులోనే ఉన్నాయి. వైద్యులకూ శాస్త్రజ్ఞులకూ పరిశోధన వేతనాలిచ్చే ఇండియా అలయన్స్ కార్యాలయం కూడా అక్కడే. ప్రభుత్వ ఆసుపత్రుల వైద్యులకు జన్యువ్యాధుల నిర్ధారణలో శిక్షణ ఇచ్చేందుకు కేంద్ర ప్రభుత్వం 2019లో ఉమ్మీద్ అనే పథకాన్ని ఆరంభించింది. ఆ ఉర్దూ పదానికి ఆశ అని అర్థం.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ మార్గం సుదీర్ఘమైనది. ఇంటర్మీడియట్ జీవశాస్త్రం నుండి లెక్కిస్తే పదిహేనేళ్ల శ్రమ. అయినా మనకు ఒక అనుకూలత ఉన్నది. జన్యు సలహాలో సగభాగం శాస్త్రమైతే సగభాగం సంభాషణ. "ఇది నీ తప్పు కాదమ్మా" అన్న మాటను ఆ తల్లి స్వభాషలో, తెలుగులో గాని ఉర్దూలో గాని, ఆమెకు అర్థమయ్యేటట్లు చెప్పగలవారు కావాలి. ఆ రెండు భాషలూ వినిపించే ఈ ప్రాంగణం నుండి అట్టివారు ఒక్కరైనా బయలుదేరితే, బేగంపేటలో బండి దిగే మన ప్రాంతపు తల్లులకు అంతకంటె మేలేమున్నది!