స్వాబ్ (వైద్య పరీక్ష)

స్వాబ్ అనగా పుల్ల చివర దూదిని గాని, కృత్రిమ నారను గాని అమర్చిన వైద్య సాధనం. గొంతు, ముక్కు, పుండు మొదలైన చోట్ల నుండి సూక్ష్మజీవులను సేకరించి ప్రయోగశాలకు పంపడానికి దీనిని ఉపయోగిస్తారు. చూడడానికి సామాన్యమైన వస్తువే అయినా, దీని తయారీ పదార్థాన్ని బట్టి పరీక్షా ఫలితం మారే అవకాశం ఉంది.

సేకరణ, విడుదల

స్వాబ్ రెండు పనులు చేయాలి. మొదటిది సూక్ష్మజీవులను గ్రహించడం, రెండవది వాటిని ప్రయోగశాలలో తిరిగి విడిచిపెట్టడం. తడిసిన దూదిని ఎంత పిండినా కొంత తేమ లోపలే మిగిలినట్లు, చుట్టిన నారల నడుమ కొన్ని బాక్టీరియాలు చిక్కుకొనిపోతాయి. నమూనాలో బాక్టీరియాలు తక్కువగా ఉన్నప్పుడు ఈ నష్టం వలన వ్యాధి ఉన్నా లేదని ఫలితం రావచ్చు. డిఫ్తీరియా వంటి వ్యాధులలో ఇటువంటి పొరపాటు ప్రమాదకరం.

పదార్థాలు

* దూది: చవకైనది. ఇందులోని కొవ్వు ఆమ్లాలు గనేరియా కారక బాక్టీరియా వంటి సున్నితమైన జీవులకు హాని చేస్తాయి.
* రేయాన్, పాలిస్టర్: దూది కంటే హాని తక్కువ. అయితే చుట్టుడు స్వాబ్‌లు గనుక నమూనాలో కొంత లోపలే నిలిచిపోతుంది.
* కాల్షియం ఆల్జినేట్: సముద్రపు నాచు నుండి లభించే పదార్థంతో చేస్తారు. సోడియం సిట్రేట్ వంటి ద్రావణాలలో కరిగి బాక్టీరియాను విడిచిపెడుతుంది. కాని పీసీఆర్ పరీక్షకు ఆటంకం కలిగిస్తుంది.
* ఫ్లాక్డ్ నైలాన్: 2000ల దశకంలో ఇటలీకి చెందిన కోపాన్ సంస్థ ప్రవేశపెట్టింది. పొట్టి నారలు బ్రష్షు వలె నిలువుగా అతికి ఉంటాయి. లోపల దూది ఉండ లేనందున ద్రవంలో ముంచగానే నమూనా చాలావరకు విడుదలవుతుంది.

కొన్ని పరీక్షలకు చెక్క పుల్లలు కూడా పనికిరావు. అందుచేతనే 2020లో కోవిడ్ పీసీఆర్ పరీక్షలకు ప్లాస్టిక్ పుల్ల గల కృత్రిమ నార స్వాబ్‌లను వాడారు.

రవాణా

వాకాడు వంటి ఊరి నుండి నమూనాను నెల్లూరు, తిరుపతి వంటి నగరాల ప్రయోగశాలకు పంపవలసి వస్తే, దారిలో స్వాబ్ ఎండిపోయి బాక్టీరియా చనిపోవచ్చు. ఈ నష్టాన్ని తగ్గించడానికి స్వాబ్‌ను రవాణా మాధ్యమంలో ఉంచుతారు. 1967లో ఏమీస్ ప్రకటించిన మాధ్యమంలో బొగ్గు పొడి ఉంటుంది. ఇది దూది నుండి వెలువడే హానికర పదార్థాలను పీల్చుకొంటుంది. మాధ్యమం జీవులను కొంతకాలం కాపాడుతుందే గాని ఆలస్యాన్ని పూర్తిగా పూరించలేదు.

పరిమితులు

అన్ని పరీక్షలకూ సరిపోయే స్వాబ్ లేదు. చీము తగినంత ఉన్నప్పుడు స్వాబ్ కంటే సిరంజితో తీసిన చీము మేలు. గాలి లేనిచోట పెరిగే బాక్టీరియా విషయంలో ఇది మరీ ముఖ్యం.