పసుపు చేను పక్కన అమెరికా కొలువు

దుగ్గిరాల: సాయంత్రం ఏడు గంటలు. పాలకేంద్రం దగ్గర క్యాన్లు సర్దుకుంటున్నారు. పొలం నుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని అరుగుల మీద కూలబడ్డారు. ఊరు పని దించుకునే వేళ అది. సరిగ్గా అప్పుడే కాలువకట్ట దగ్గరి డాబా పైగదిలో లైటు వెలుగుతుంది. ముప్పయ్ నిండని ఒక యువకుడు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని కంప్యూటరు ముందు కూర్చుంటాడు. అవతల అమెరికాలో అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. అక్కడివాళ్లు కాఫీ కప్పులతో ఆఫీసులోకి వస్తుంటారు.

కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ వెంబడి ఉన్న ఈ పల్లెలో ఇలాంటి ఉద్యోగం చేసేవాడు ఇతనొక్కడే. కంపెనీ నిబంధనల వల్ల పేరు బయటపెట్టవద్దని కోరుతున్నాడు. అబ్బాయి ఏం చేస్తాడని ఎవరన్నా అడిగితే తల్లి కంప్యూటరు పని అని ఊరుకుంటుంది. అంతకుమించి చెప్పడం ఆమెకే కాదు, చదువుకున్నవారికీ కష్టమే. కంప్యూటరు ఇంజనీరంటే మరమ్మతులు చేసేవాడనుకుని కిరాణా కొట్టాయన ఒకసారి బిల్లు మిషను చంకన పెట్టుకుని వచ్చేశాడు. ఆశ్చర్యమేమంటే అది బాగయింది కూడా! లోపల కాగితం ఇరుక్కుంది, అంతే.

ఇంతకీ ఇతను చేసే పని ఏమిటి? అమెరికాలో ఆసుపత్రికి వెళ్లిన రోగి బిల్లు చాలావరకు బీమా కంపెనీకి పోతుంది. ఏ చికిత్సకు ఎంత ఇవ్వాలి, రోగి ఎంత కట్టుకోవాలి అన్న లెక్క మనుషులు కూర్చుని వేసేది కాదు. ఆ లెక్కలు వేసే ప్రోగ్రాములో కొంత భాగం ఇతని బాధ్యత. జావా భాషలో ఆదేశాలు రాస్తాడు. రాసింది తోటివారు చదివి తప్పులు పడతారు. వాళ్లు సరేనన్న తర్వాత పరీక్షలు నడుస్తాయి. అన్నీ దాటాకే అది అసలు సర్వరు మీదికి ఎక్కుతుంది. రెండు వారాలకొకసారి పని పంచుకుంటారు. రోజూ పావుగంటసేపు అందరూ కలిసి నిన్న ఏం చేశాం, నేడు ఏం చేస్తాం, ఎక్కడ ఆగిపోయాం అన్నది చెప్పుకుంటారు.

కొత్తది రాయడం కంటే పాతదానిలో తప్పు వెతకడానికే ఎక్కువ సమయం పోతుందట. ఆ మధ్య కొన్ని బిల్లులు ఒక నెలవి మరో నెలలో పడ్డాయి. రెండు రాత్రులు వెతికితే సంగతి తేలింది. సర్వరు గడియారం గ్రీన్‌విచ్ కాలమానంతో నడుస్తుంది. న్యూయార్కులో జనవరి 31 రాత్రి తొమ్మిది గంటలకు వేసిన బిల్లు, ఆ గడియారం ప్రకారం ఫిబ్రవరి 1 తెల్లవారుజాము రెండు గంటలకు వేసినట్లవుతుంది. వెతకడానికి రెండు రాత్రులు పట్టినా, దిద్దింది ఒక్క వాక్యం. ఈ పని తీరే అంత. బరువు మోసినట్లు పైకి కనబడదు.

ఇతని తండ్రి కౌలు రైతు. ఎకరంన్నరలో పసుపు, మిగతా దాంట్లో కంద. ఫీజు రీయింబర్స్‌మెంటుతో కొడుకు బీటెక్ చదివాడు. 2020లో చదువు పూర్తయింది. అదే ఏడు సెప్టెంబరులో హైదరాబాదులోని ఒక పెద్ద కంపెనీలో ఏడాదికి మూడున్నర లక్షల జీతానికి కుదిరాడు. కరోనా రోజులు కావడంతో ఆఫీసు ముఖం చూడకుండానే ఏడాదిన్నర ఇంటినుంచే పనిచేశాడు. తర్వాత పిలుపు వచ్చింది. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావలసిందేనన్నారు. కొండాపూర్‌లో హాస్టలు గది, ఇద్దరితో పంపకం. శుక్రవారం సాయంత్రం లింగంపల్లిలో నారాయణాద్రి ఎక్కి తెనాలిలో దిగడం, ఆదివారం రాత్రి మళ్లీ బండెక్కడం. సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998 నుంచి మన జిల్లా యువకులు ఎందరు ఆ బాట పట్టారో లెక్కలేదు. ఇతనూ వారిలో ఒకడయ్యాడు.

అలాగే సాగిపోయేదే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పసుపు చేనులో నీరు నిలిస్తే దుంప కుళ్లిపోతుంది. మోకాళ్ల నొప్పులతో తండ్రి లేవలేని స్థితి. తల్లి ఒక్కతే పార పట్టుకుని బోదె తెగ్గొట్టి నీళ్లు బయటికి పంపింది. ఆ వారం కొడుకుకు ఆఫీసులో కొత్త ప్రోగ్రాము విడుదల. సెలవు దొరకలేదు. నీళ్లలో నిలబడ్డ చేను ఫొటో ఫోనులో చూసుకుంటూ రాత్రంతా సర్వరుకు కాపలా కాశాడు. పంటలో మూడో వంతు పోయింది.

మర్నాటి నుంచే వేరే ఉద్యోగం వెతుకులాట మొదలైంది. జీతం కంటే ముందు అడిగింది ఒక్కటే, ఇంటినుంచి పని. కాని కరోనా తగ్గాక కంపెనీలు ఒక్కొక్కటే ఉద్యోగులను ఆఫీసులకు రప్పించుకున్నాయి. ప్రపంచమంతటా పెద్ద కంపెనీలు మనుషులను తీసేస్తున్న రోజులు కూడాను. తొమ్మిది నెలలు పొద్దున్నే ఐదు గంటలకు లేచి చదివాడు. ఇంటర్వ్యూలలో రోజూ చేసే పని అడగరు, లెక్కల చిక్కుముళ్లు ఇచ్చి ముప్పావుగంటలో విప్పమంటారు. వంట మాస్టరును పనిలో పెట్టుకోవడానికి వంటకు బదులు పొడుపుకథలు అడిగినట్లుంటుంది ఈ వ్యవహారం. ఏడు చోట్ల పోయింది. 

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వదిలారు. హైదరాబాదు-విజయవాడ రహదారిపై నందిగామ దాపున నీరు పారి రాకపోకలు ఆగిపోయాయి. ఈసారి సెలవు దొరికింది, దారి దొరకలేదు. అదృష్టం కొద్దీ వీరి చేలోకి నీరు రాలేదు. ఆ నెలాఖరుకే ఎనిమిదో చోట ఉద్యోగం ఖాయమైంది. చిన్న కంపెనీ. జీతం ఏడాదికి పదకొండు లక్షలు. మూడు నెలలకొకసారి ఆఫీసుకు వచ్చి కనబడితే చాలునన్నారు.

అక్టోబరులో రాజీనామా పంపాడు. అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. పాత కంపెనీ ఒప్పందం ప్రకారం 90 రోజులు పనిచేసిగాని కదలరాదు. కొత్తవారేమో నెలలో రమ్మన్నారు. బతిమాలితే సరేనని మూడు నెలలు ఆగారు. అయితే చేతిలో ఉన్నది ఒక ఉత్తరం మాత్రమే. కొత్త కంపెనీ మనసు మార్చుకుని ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటే? ఈ పరిశ్రమలో అలా జరగకపోలేదు. పాతవారు జీతం పెంచుతాం ఉండిపొమ్మన్నారు. ఇంటినుంచి పని మాత్రం కుదరదన్నారు.

గ్రాట్యుటీ మాట మరొకటి. ఒకేచోట ఐదేళ్లు పనిచేసినవారికి, పనిచేసిన ప్రతి ఏడాదికి పదిహేను రోజుల వేతనం ఇస్తారు. నెలను 26 రోజులుగా లెక్కగడతారు. ఇతని మూలవేతనం 26 వేలు కనుక ఏడాదికి 15 వేలు, ఐదేళ్లకు 75 వేలు. కాని వెళ్లిపోయే నాటికి ఇతనికి నాలుగేళ్ల నాలుగు నెలలే అవుతాయి. ఎనిమిది నెలలు ఓపిక పట్టరా అని మేనమామ నచ్చజెప్పాడు. పసుపు కౌలు కట్టడానికి ఆ 75 వేలు అక్కరకొచ్చేవే. తండ్రి ఏమీ మాట్లాడలేదట. ఎనిమిది నెలలంటే మధ్యలో ఇంకో వానాకాలం ఉందని మాత్రం అన్నాడు.

2025 జనవరిలో పాత కంపెనీ నుంచి విడుదల ఉత్తరం వచ్చింది. ఆ మర్నాడే భవిష్యనిధి సంగతి చూసుకున్నాడు. ఉద్యోగం మారగానే పీఎఫ్ సొమ్ము తీసి వాడేసుకునేవారు చాలామంది. మొత్తం సర్వీసు ఐదేళ్లు నిండకముందే తీస్తే పన్ను పడుతుంది. ఇతను సొమ్ము తీయకుండా పన్నెండంకెల పాత నంబరు మీదనే కొత్త ఖాతాకు మార్పించాడు. పాత సర్వీసు కలిసింది. ఉద్యోగాలు మారే యువకులు తెలుసుకోవలసిన సంగతి ఇది.

బిచాణా ఎత్తేసి ఊరికి వచ్చాడు. ఇక్కడ ఎదురైన చిక్కు మాత్రం ఏ ఇంటర్వ్యూలోనూ లేనిది. పండగ వెళ్లిపోయినా అబ్బాయి హైదరాబాదు పోలేదు. పట్టపగలు లుంగీ కట్టుకుని కాలువగట్టున కనబడుతున్నాడు. ఇంకేముంది, ఉద్యోగం పోయిందన్నారు! ఏం వదినా, అబ్బాయికి పని పోయిందటగా, మా వాడికి తెలిసిన చోటు చెప్పమంటావా అని ఇరుగమ్మ పరామర్శకు వచ్చింది. పెళ్లిసంబంధాలు తెచ్చే పెద్దమనిషి రెండు నెలలు ఇటు తొంగిచూడలేదు. పదకొండు లక్షల జీతం అంటే, ఇంట్లో కూర్చున్నవాడికి ఎవరిస్తారని అడిగాడట. చివరకు తండ్రే విసిగిపోయి, జీతం పడిన మెసేజీని టీకొట్టు దగ్గర నలుగురికీ చూపించాడు. తల్లి ఇందుకు ఇప్పటికీ కోప్పడుతూనే ఉంది. దిష్టి తగులుతుందని ఆమె బాధ.

ఇప్పుడు ఇతని రోజు ఆరింటికి కాలువగట్టు నడకతో మొదలవుతుంది. ఎనిమిదింటి వరకు చేను పని. మధ్యాహ్నం పన్నెండు నుంచి కంప్యూటరు. ప్రతి ఇరవై నిమిషాలకు ఇరవై అడుగుల అవతలి వస్తువును ఇరవై సెకన్లు చూడాలని కళ్ల డాక్టరు చెప్పారు. కిటికీలోంచి కొబ్బరిచెట్టు ఉంది, చూస్తాడు. కరెంటు పోతే ఇన్వర్టరు, కేబుల్ నెట్ తెగితే ఫోను, రెండూ పోతే మోటారు సైకిలు మీద తెనాలిలోని స్నేహితుడి ఇల్లు. ఏప్రిల్‌లో పొక్లెయిన్ తవ్వకంలో తీగ తెగినప్పుడు మూడు రోజులు అలాగే గడిచింది. ఏ కాలువ పూడికతీత మొదలైనా ఇతనికి దడ.

పగటివేళ నిశ్శబ్దంగా ఉండదు. పసుపు ఉడికించే రోజుల్లో బాయిలరు మోత, కూలీల కేకలు మీటింగులోకి వెళ్లాయి. అదేమిటని అవతలి దొరసాని అడిగింది. కెమెరా కిటికీ వైపు తిప్పి కళ్లంలో ఆరబోసిన కొమ్ములు చూపించాడు. ఆమె ఇంటి వంటగదిలో పసుపు పొడి సీసా ఉందట, అది దుంప అని తెలియదట. 

ఈసారి పంట పూర్తిగా చేతికొచ్చింది. కొమ్ములు దుగ్గిరాల యార్డుకు తోలిన రోజు పాటలోకి తండ్రితోపాటు తానూ వెళ్లాడు. ఆ పూట సెలవు పెట్టాడు, మంజూరు కావడానికి పది నిమిషాలు పట్టింది.

చిన్న కంపెనీ ఎన్నాళ్లు నిలుస్తుందో, ఇంటినుంచి పని అన్న మాట ఎన్నాళ్లు నిలబెట్టుకుంటారో అన్న గుబులు లేకపోలేదు. అందుకే ఐదింటి చదువు ఇంకా మానలేదు, వారానికి రెండు రోజులకు తగ్గించాడు.

అమెరికావాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు తిప్పుకుంటారు. దాంతో ఇక్కడ ఏడు గంటల మీటింగు చలికాలంలో ఎనిమిదికి పోతుంది. ఆ లెక్క తల్లికి బాగా ఒంటబట్టింది. నవంబరు వస్తోందంటే చాలు, వాళ్లు గడియారం తిప్పారా, అన్నం ఎప్పుడు వండను అని కిందనుంచి కేకేస్తుంది.