మరగబెట్టినా పోనివి: నీళ్ల పరీక్ష, ల్యాబ్ రిపోర్టు, మన హక్కులు

"నీళ్లు మరగబెట్టుకునే తాగుతున్నాం కదా, ఇంకేం భయం?"

హాలిఫాక్స్ చుట్టుపక్కల అద్దెకుంటున్న మనవాళ్లలో చాలామంది మాట ఇదే. ఊళ్లో అమ్మమ్మ నేర్పిన జాగ్రత్త అది, మంచిదే. కానీ మరగబెడితే చచ్చేది సూక్ష్మజీవులు మాత్రమే. నీళ్లలో ఆర్సెనిక్ ఉంటే, సీసం ఉంటే, ఫ్లోరైడ్ ఉంటే ఎంత మరగబెట్టినా పోవు. పైగా నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో వాటి పాళ్లు ఇంకాస్త పెరుగుతాయి. ఆర్సెనిక్‌కి రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. గ్లాసు ఎత్తి వెలుతురులో చూసినా ఏమీ కనిపించదు. దాన్ని చూడగలిగేది ల్యాబ్ ఒక్కటే.

ప్రజారోగ్య ల్యాబ్ అనగానే మనకు సంబంధం లేని పెద్ద భవనం గుర్తొస్తుంది. నిజానికి అక్కడ జరిగే పనికి మన వంటింటి కుళాయికీ, మన సైటులో లేచే దుమ్ముకీ నేరుగా సంబంధం ఉంది. అయితే ల్యాబ్ మనల్ని కాపాడాలంటే రెండు పనులు జరగాలి. శాంపిల్ అక్కడికి చేరాలి. వచ్చిన రిపోర్టు ఆ నీళ్లు తాగేవాళ్లకి, ఆ గాలి పీల్చేవాళ్లకి చేరాలి. ఈ రెండింటిలో ఏది ఆగినా ప్రాణాల మీదకే వస్తుంది.

మన ఊళ్ల అనుభవం

ఇది మనకు కొత్త కథ కాదు. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో కొన్ని పల్లెల జనానికి నడుములు బిగుసుకుపోయి, మెడ తిప్పలేక, పళ్లు గారపట్టి ఎందుకలా అవుతోందో తెలియలేదు. షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు రోగుల్నీ నీళ్లనీ కలిపి పరిశీలించి, కారణం బావి నీళ్లలోని ఫ్లోరైడ్ అని తేల్చి వైద్య పత్రికలో ప్రచురించారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి. తర్వాత నల్లగొండ పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తొచ్చే పరిస్థితి వచ్చింది. తరాల తరబడి జనం ఆ నీళ్లు మామూలు నీళ్లే అనుకుని తాగారు. తెలియకపోవడానికి తాగేవాళ్ల తెలివితక్కువ కారణం కాదు. లోపం భూమి లోపలి రాయిలో ఉంది, కంటికి కనపడేది కాదు.

వేవర్లీ బావులు

హాలిఫాక్స్ నుంచి విమానాశ్రయం వైపు వెళ్లేటప్పుడు వేవర్లీ అనే ఊరు తగులుతుంది. 1860లలో అక్కడ బంగారం దొరికింది. బంగారం ఉన్న రాయిలోనే ఆర్సెనిక్ ఉండే ఖనిజం కూడా ఉంటుంది. రాయిని పిండి చేసి బంగారం తీసుకుని, మిగిలిన పొడిని అక్కడే పారబోశారు. గనులు మూతపడ్డాయి. ఆ పొడి మిగిలింది, కింద రాయి ఎలాగూ ఉంది. 1976లో ఆ ఊరి మనిషి ఒకరికి ఆర్సెనిక్ విషం ఎక్కినట్టు బయటపడింది. కారణం ఇంటి బావి నీళ్లు. ఆ తర్వాత ప్రభుత్వం బావుల్ని పరీక్ష చేయిస్తే నోవా స్కోషియాలో ఇంకా చాలా చోట్ల ఆర్సెనిక్ ఎక్కువగా ఉందని తెలిసింది.

ఆర్సెనిక్ ఒక్కరోజులో పడగొట్టేది కాదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెం లోపలికి పోతే చర్మం మీద నల్లమచ్చలు, అరచేతులు అరికాళ్లు గట్టిపడడం, తిమ్మిర్లు రావచ్చు. చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం పెరుగుతుంది. కెనడాలో తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు. అంటే లీటరు నీళ్లలో గ్రాములో లక్షో వంతు.

హాలిఫాక్స్ నగరం కుళాయిల్లో వచ్చేది ప్రధానంగా పాక్‌వాక్ చెరువు, లేక్ మేజర్ నీళ్లు. వాటిని హాలిఫాక్స్ వాటర్ సంస్థ శుద్ధి చేసి, ఎప్పటికప్పుడు పరీక్ష చేయిస్తుంది. ఊరి బయట ఇళ్లలో అలా కాదు. ఈ ప్రావిన్సులో పదిమందిలో దాదాపు నలుగురు సొంత బావుల మీదే ఆధారపడతారు. ఆ బావి నీళ్లు పరీక్ష చేయించే బాధ్యత బావి ఓనర్‌ది. ఏ అధికారీ వచ్చి తలుపు తట్టి శాంపిల్ తీసుకుపోడు. ప్రభుత్వం ఇచ్చే సలహా ఇది: సూక్ష్మజీవుల కోసం ఆరు నెలలకోసారి, రసాయనాల కోసం రెండేళ్లకోసారి పరీక్ష చేయించాలి. అద్దె తక్కువని ఊరి బయట బేస్‌మెంట్‌లో నలుగురైదుగురు కలిసి ఉండే మనవాళ్లు ఓనర్‌ని ముందు అడగాల్సిన ప్రశ్న: "ఇది సిటీ నీళ్లా, బావి నీళ్లా? బావి అయితే చివరి రిపోర్టు చూపిస్తారా?"

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

నీళ్లలో ఉండగల ప్రతి క్రిమినీ విడివిడిగా వెతకడం కుదరదు. అందుకే కోలిఫామ్, ఈ కోలై అనే బాక్టీరియా కోసం చూస్తారు. ఈ కోలై మనుషుల, పశువుల పేగుల్లో ఉంటుంది. అది నీళ్లలో కనిపించిందంటే మలం ఎక్కడో కలుస్తున్నట్టే. ఎక్కువగా వాడే పద్ధతిలో శాంపిల్‌లో ఒక పొడి కలిపి, ఒంటి వేడి దగ్గర ఒక రోజు ఉంచుతారు. నీళ్లు పసుపు రంగుకి తిరిగితే కోలిఫామ్ ఉన్నట్టు. అతినీలలోహిత దీపం కింద మెరిస్తే ఈ కోలై ఉన్నట్టు. ఆర్సెనిక్, సీసం లాంటివాటికి వేరే యంత్రాలు ఉంటాయి, వేరే సీసాలో శాంపిల్ ఇవ్వాలి.

హాలిఫాక్స్‌లో క్యూఈ టూ ఆసుపత్రికి చెందిన పర్యావరణ ల్యాబ్ మామూలు జనం తెచ్చే బావి నీళ్లు కూడా ఫీజు తీసుకుని పరీక్షిస్తుంది. ఇంట్లో ఉన్న కూల్‌డ్రింకు సీసాలో పట్టుకుపోవద్దు. ల్యాబ్ ఇచ్చిన సీసాలోనే, వాళ్లు చెప్పినట్టే పట్టి, చల్లగా ఉంచి, 24 గంటల్లోపు చేర్చాలి. లేకపోతే లెక్క తప్పు వస్తుంది.

హాలిఫాక్స్ ల్యాబ్ కనిపెట్టిన విషం

1987 నవంబరు, డిసెంబరు నెలల్లో కెనడాలో మస్సెల్స్ అనే ఆల్చిప్పలు తిన్నవాళ్లు వరసగా జబ్బుపడ్డారు. వాంతులు, విరేచనాలు మొదలై కొందరికి మతిమరుపు వచ్చింది. కొందరికి ఆ జ్ఞాపకాలు మళ్లీ రాలేదు. వందమందికి పైగా బాధపడ్డారు, ముగ్గురు వృద్ధులు చనిపోయారు. ఆల్చిప్పలు ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ నుంచి వచ్చాయని తెలిసింది. కానీ అప్పటికి తెలిసిన విషాలేవీ వాటిలో కనపడలేదు.

ఆ శాంపిల్స్ హాలిఫాక్స్‌లోని జాతీయ పరిశోధనా మండలి ల్యాబ్‌కి వచ్చాయి. అక్కడి శాస్త్రజ్ఞులు రాత్రీ పగలూ పనిచేశారు. ఆల్చిప్పల రసాన్ని భాగాలుగా విడదీసి, ఏ భాగంలో విషం ఉందో చూస్తూ, దాన్ని మళ్లీ విడదీస్తూ పోయారు. కొద్ది రోజుల్లోనే పేరు తేలింది: డొమాయిక్ ఆసిడ్. సముద్రంలోని ఒకరకం సూక్ష్మ నాచు నుంచి అది ఆల్చిప్పల్లోకి చేరింది. ఎంత ఉడికించినా పోని విషం అది. అప్పటి నుంచి అమ్మకానికి వచ్చే ఆల్చిప్పల్లో దీన్ని కూడా పరీక్షించడం మొదలైంది. తర్వాత మిగతా దేశాలూ అదే దారి పట్టాయి.

దీనిలో మనకో పాఠం ఉంది. ఆదివారం బీచ్‌కి పోయి ఉచితంగా దొరుకుతున్నాయని ఆల్చిప్పలు ఏరుకొచ్చి వండుకోవద్దు. ఆ చోటు ఏరుకోవడానికి తెరిచి ఉందో మూసి ఉందో మత్స్యశాఖ ప్రకటిస్తుంది. ముందు అది చూసుకోవాలి.

రిపోర్టు దాచితే ఏమవుతుంది?

2000 మే నెలలో ఆంటేరియోలోని వాకర్టన్ అనే చిన్న ఊళ్లో పెద్ద వానలకి పశువుల పేడ ఊరి బావిలోకి చేరింది. ల్యాబ్ శాంపిల్ పరీక్షించింది. ఈ కోలై ఉందని నీటి సంస్థకి చెప్పింది. నీటి సంస్థ మేనేజరు ఆ రిపోర్టు దాచాడు. ఆరోగ్యశాఖ వాళ్లు అడిగితే నీళ్లు బాగానే ఉన్నాయన్నాడు. జనం తాగుతూనే ఉన్నారు. దాదాపు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. ల్యాబ్ తన పని చేసింది. కానీ ఆరోగ్యశాఖకి కూడా చెప్పి తీరాలన్న నియమం అప్పుడు లేదు. తర్వాత విచారణ జరిగి ఆంటేరియోలో నియమాలు మారాయి.

కాబట్టి రిపోర్టు అనేది ఓనర్ సొరుగులో పెట్టుకునే కాగితం కాదు. ఆ నీళ్లు తాగేవాళ్లందరికీ సంబంధించిన కాగితం.

సైటులో, పనిచేసే ఇంట్లో

పాత ఇళ్లు, ఆఫీసులు పడగొట్టే పనిలో ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోండి. కెనడా ఆస్బెస్టాస్‌ని నిషేధించింది 2018 చివర్లో మాత్రమే. 1990కి ముందు కట్టిన భవనాల్లో నేల టైల్స్‌లో, పైపుల చుట్టూ, అటక మీద అది ఉండవచ్చు. ఉందో లేదో కంటితో చెప్పలేం. చిన్న ముక్క ల్యాబ్‌కి పంపితే మైక్రోస్కోపు కింద పోగులు చూసి చెబుతారు. పగలగొట్టే ముందే ఆ పరీక్ష జరగాలి. పగలగొట్టాక పరీక్షిస్తే అప్పటికే పీల్చేసి ఉంటాం. ముక్క మీరు కోయవద్దు, తెలిసినవాళ్ల చేత తీయించమని అడగండి. కాంక్రీటు కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ము కూడా ఇలాంటిదే.

ఇళ్లలో పిల్లల్ని, పెద్దవాళ్లని చూసుకునే అక్కలు నీళ్ల విషయం అడగండి. బాగా పాత ఇళ్లలో సీసం పైపులు ఉండవచ్చు. 2019 నుంచి సీసానికి హద్దు లీటరుకి 5 మైక్రోగ్రాములు. పసిపిల్లల మెదడుకి సీసం చాలా హాని. పాలపొడి కలపడానికి వేడి కుళాయి నీళ్లు వాడవద్దు. చల్లని కుళాయి కాసేపు వదిలి పట్టుకోండి.

మనకున్న హక్కులు

1992 మే 9న నోవా స్కోషియాలోని వెస్ట్రే బొగ్గు గనిలో పేలుడు జరిగి 26 మంది కార్మికులు చనిపోయారు. ఆ తర్వాత 1996లో ఈ ప్రావిన్సు కొత్త భద్రతా చట్టం చేసింది. దాని ప్రకారం కార్మికుడికి మూడు హక్కులు: ప్రమాదం ఏమిటో తెలుసుకునే హక్కు, భద్రత గురించి మాట్లాడి పాల్గొనే హక్కు, ప్రమాదమని నమ్మితే ఆ పని చేయననే హక్కు. 20 మంది, అంతకు పైన పనిచేసేచోట భద్రతా కమిటీ ఉండాలి. 5 మంది, అంతకు పైన ఉంటే ఒక ప్రతినిధి ఉండాలి. సైటులో చేసిన పరీక్షల రిపోర్టులు వాళ్ల ద్వారా అడగండి. పని నిరాకరించాలంటే ముందు సూపర్‌వైజర్‌కి చెప్పాలి. తేలకపోతే కమిటీకి, అప్పటికీ తేలకపోతే ప్రావిన్సు భద్రతా విభాగానికి చెప్పాలి. ఫోను: 1-800-952-2687. ఇలా అడిగినందుకు పనిలోంచి తీసేయడం, జీతం కోయడం చట్టవిరుద్ధం.

"నా పర్మిట్ ఆయన చేతిలో ఉంది, ఎలా అడగను?" అనే భయం నిజమైనదే. అందుకే ఈ రెండు విషయాలు తెలిసి ఉండాలి. 2022 సెప్టెంబరు 26 నుంచి తాత్కాలిక విదేశీ కార్మికుల యజమానులు ఫిర్యాదు చేసినవాళ్ల మీద పగ తీర్చుకోకూడదని ఫెడరల్ నియమం స్పష్టంగా చెబుతోంది. ఒకే యజమానికి కట్టిపడేసే పర్మిట్ మీద ఉండి వేధింపులకి గురయ్యేవాళ్లు ఓపెన్ వర్క్ పర్మిట్‌కి దరఖాస్తు చేసుకునే వీలు 2019 జూన్ నుంచి ఉంది. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయడానికి సర్వీస్ కెనడా నంబరు 1-866-602-9448.

అద్దె ఇంటి విషయంలో, ఇల్లు ఉండటానికి తగినట్టు ఉంచే బాధ్యత అద్దె చట్టం ప్రకారం ఇంటి ఓనర్‌ది. మాట వినకపోతే ప్రావిన్సు అద్దె వివాదాల విభాగానికి వెళ్లవచ్చు. ఎవరినీ అడగడం ఇష్టం లేకపోతే శాంపిల్ మీరే పట్టుకెళ్లవచ్చు. గదిలో నలుగురూ పంచుకుంటే ఫీజు భారం తగ్గుతుంది.

ఈ వారం చేయాల్సినవి

ఇంటికి వచ్చేది ఏ నీళ్లో కనుక్కోండి. బావి అయితే రిపోర్టు అడగండి. అడిగినట్టు ఆధారం ఉండేలా ఫోన్‌లో మెసేజ్ పెట్టండి.

రిపోర్టులో ఈ కోలై ఉంటే, బావి సరిచేసేదాకా కనీసం ఒక నిమిషం తెర్లే దాకా మరగబెట్టండి. ఆర్సెనిక్ హద్దు దాటితే మరగబెట్టడం పనికిరాదు. తాగడానికి, వంటకి వేరే నీళ్లు వాడండి. మామూలు జగ్గు ఫిల్టరుని నమ్ముకోవద్దు.

ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి విరేచనాలు పట్టుకుంటే 811కి ఫోన్ చేయండి. రాత్రయినా పగలైనా నర్సు మాట్లాడుతుంది, దుబాసీ కావాలని అడగవచ్చు. డాక్టరు మల పరీక్ష రాస్తే సిగ్గుపడి మానేయకండి. ఆ ఒక్క శాంపిల్ వల్లే అదే బావి, అదే హోటల్ మీద ఆధారపడిన ఇంకో పదిమంది బయటపడవచ్చు.

ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకి అడగడానికి ఎవరూ లేరు. మనకి ఇక్కడ ల్యాబ్ ఉంది, చట్టం ఉంది. సీసా నింపి పట్టుకెళ్లడం, రిపోర్టు ఏదీ అని అడగడం మన వంతు.